బాల యేసు కిరీటం, సిద్రా బొటనవేలు

ఆ మంగళవారం పొద్దున సిద్రా రెండు కాన్పులు చేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, గొడుగు వేసుకుని తిబో కొలిమికి వెళ్లి తొమ్మిది పిస్టళ్లు పట్టుకు చూసింది. చూసిన ప్రతిదాన్నీ తన గౌను అంచుతో తుడిచి మళ్లీ బల్ల మీద పెట్టింది. పదోది చూపించమని అడిగేసరికి తిబోకి విసుగొచ్చింది.

"మారె, నువ్వు పిస్టల్ కొంటున్నావా, కోడల్ని వెతుకుతున్నావా?"

"కోడలైతే ఇంతసేపు చూడను. దానికి నా చేతిలో ఇమడాల్సిన పని లేదు" అంది సిద్రా.

పూర్తి పేరు ఇసిద్రా బతుకన్. వయసు యాభై రెండు. మా దనావోలో సర్టిఫికెట్ ఉన్న మంత్రసాని. ఈ ఊళ్లో మగవాళ్లు సగం మంది తుపాకులు చేస్తారు, మిగతా సగం మంది తుపాకుల గురించి మాట్లాడతారు. ఈ రెండు సగాల వాళ్ల పిల్లలూ ఇరవై ఆరేళ్లుగా సిద్రా చేతుల్లోకే వస్తున్నారు. వచ్చినవాళ్లలో నూట నలభై ముగ్గురికి ఆమె గుడిలో బాప్తిస్మం అప్పుడు జ్ఞానతల్లిగా నిలబడింది. దాంతో ఆ పిల్లల అమ్మానాన్నలందరికీ ఆమె మారె, ఆ నాన్నలందరూ ఆమెకి పారె. ఈ వరస కలిసిందంటే ఇక మొహమ్మీద కాదనడం ఉండదు. "చూద్దాంలే" అంటారు. "దేవుడి దయ" అంటారు. మరీ ఇరకాటంలో పడితే దగ్గుతారు. కాదు అన్న మాట మాత్రం నోట్లోంచి రాదు.

సిద్రా తుపాకీ పట్టడం తొమ్మిదేళ్ల కిందట మొదలైంది. మా షూటింగ్ క్లబ్బు పోటీలకి గాయాలకి కట్లు కట్టడానికి పిలిచారు. ఎవరికీ గాయం కాలేదు. మధ్యాహ్నం అందరూ పంది వేపుడు తింటుంటే ఎవరో సరదాకి ఆమె చేతిలో పిస్టల్ పెట్టారు. కొత్తవాళ్లు మొదటి చప్పుడికే కళ్లు మూసుకుంటారు. సిద్రా రెప్ప వేయలేదు. భయం వేయలేదా అని అడిగితే, "తొలి చూలు ఆడదాని అరుపు ఎప్పుడైనా దగ్గరగా విన్నావా నువ్వు?" అంది.

ఇది ఒకచోట నిలబడి చుక్కని కొట్టే ఆట కాదు. గోడల చాటు నుంచి, కిటికీల్లోంచి, పరుగెడుతూ, వంగుతూ, ఎక్కడెక్కడో పెట్టిన అట్టబొమ్మల్నీ ఇనప పలకల్నీ కొట్టాలి. వచ్చిన మార్కుల్ని పట్టిన సెకన్లతో భాగిస్తారు. సిద్రా పరుగెత్తదు, చురుగ్గా నడుస్తుంది. కానీ ఆమె తూటాలు బొమ్మ మధ్యలోంచి పక్కకి పోవు. క్లబ్బు పిస్టల్ అద్దెకి తీసుకుని ఇన్నాళ్లూ అలాగే లాక్కొచ్చింది. ఆ పిస్టల్‌కి పదిహేడు మంది చేతుల చెమట పట్టింది, స్ప్రింగు వదులైంది.

ఈ ఏడాది సొంతది కావాల్సి రావడానికి కారణం బకోలోడ్. అక్కడ మూడు రోజుల పోటీ. క్లబ్బు తరఫున మగవాళ్లు ముగ్గురు, ఆడమనిషి ఒకరు. ఓడా బస్సూ హోటలూ ఖర్చులన్నీ క్లబ్బువే. ఇరవై ఆరేళ్లలో సిద్రా ఒక్క రాత్రి కూడా ఊరు దాటి పడుకోలేదు. ఎప్పుడూ ఎవరికో ఒకరికి నెలలు నిండి ఉంటాయి. మొన్న ఆరోగ్య కేంద్రానికి కొత్త మంత్రసాని వచ్చింది కాబట్టి ఇప్పుడు కుదురుతుంది. "పతకం వద్దు, పాడూ వద్దు" అని ఆమె భర్తతో అంది. "తలుపు కొట్టేవాడు లేని చోట మూడు రాత్రులు పడుకోవాలి నాకు."

ఆ ఒక్క ఆడమనిషి చోటు కోసం పోటీలో ఉన్నది ఇద్దరే. రెండోది బేకరీ మెల్చోరా. ఆమెది ఓపెన్ విభాగం. అంటే పిస్టల్‌కి ఏం తగిలించుకున్నా అడిగేవాడు లేడు. మెల్చోరా పిస్టల్ మీద ఎర్రచుక్క చూపించే అద్దం ఉంది, గొట్టం కొసన ఎగురుడు ఆపే బుర్ర ఉంది, పక్కన పిడీ కాని లివరూ కాని ఇంకేదో ఉంది. అది పిస్టల్‌లా ఉండదు, కాఫీ గింజలు ఆడే మరలాగా ఉంటుంది. సిద్రాది ప్రొడక్షన్ విభాగం. అక్కడ పిస్టల్ ఫ్యాక్టరీలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. క్లబ్బు పెట్టిన నియమం ఇది: ఎవరి విభాగంలో వాళ్లు కొట్టండి, మీ విభాగంలో మొదటివాడితో పోలిస్తే ఎవరికి ఎక్కువ శాతం వస్తే వాళ్లు బకోలోడ్ వెళ్తారు. ఎంపిక పోటీకి ఆరు వారాల గడువుంది.

సిద్రాకి పిస్టల్ కావాలన్న కబురు ఊళ్లో పాకింది. పారెలందరికీ ఒక్కసారిగా పని దొరికింది.

మొదటివాడు తిబో. లైసెన్సున్న కొలిమి, తాత కాలం నుంచి అదే పని. అతని అయిదుగురు పిల్లలూ సిద్రా చేతుల మీదే పుట్టారు, చివరిదానికి ఆమె పేరే పెట్టారు. అతని దృష్టిలో తుపాకీ అంటే నలభై అయిదు సైజు లావు తూటాదే, మిగతావి దోమల మందు.

"ఇదిగో, ఇది పట్టుకో. మా నాన్న పద్ధతిలో చేసింది. ఒక్కటి తగిలిందంటే పలక పడ్డం కాదు, బోర్లా పడుకుని క్షమించమంటుంది."

"ఇందులో ఎన్ని పడతాయి?"

"ఎనిమిది."

"ఒక్క ఆటలో ఇరవై నాలుగు కొట్టాలి పారె. నేను కొట్టేది ఎప్పుడు, నింపేది ఎప్పుడు?"

"ఎనిమిదితోనే పనయ్యేలా కొట్టాలి."

"ఇరవై నాలుగు దెబ్బలు తగలాలయ్యా!"

తిబో దగ్గాడు.

రెండోవాడు గావ్డి. తుపాకుల దుకాణం నడుపుతాడు, క్లబ్బుకి కార్యదర్శి కూడా. అతని కవలల్లో రెండోవాడు అడ్డం తిరిగి ఉంటే, సిద్రా చెయ్యి చిన్నది కాబట్టి బతికాడని ఊరంతా చెప్పుకుంటారు. గావ్డి సరికొత్త ప్లాస్టిక్ పిస్టల్ పెట్టె విప్పాడు. తేలిక, చవక, పదిహేడు తూటాలు.

"ఇది తుప్పు పట్టదు మారె. సముద్రంలో పడేసినా పాడవదు."

"సముద్రంలో ఎందుకు పడేస్తాను?"

"మాటవరసకి అన్నాను."

పట్టుకుంది. పిడి లావు. ఏ చెయ్యి గావ్డి కొడుకుని బతికించిందో ఆ చెయ్యి దాని చుట్టూ సగమే తిరిగింది. చూపుడువేలు కొస ట్రిగ్గర్‌కి ఆనీ ఆనకుండా నిలబడింది.

"వేలు కొంచెం సాగదీయి" అన్నాడు గావ్డి.

"యాభై రెండేళ్లొచ్చాయి. ఇక సాగదు."

సిద్రా ఎంచుకునే పద్ధతి సిద్రాది. ముందు చేతులకి సబ్బు నురుగు రాసుకునేది, ఎండలో మూడో ఆటకల్లా చేతులు అలాగే ఉంటాయని. ఆ తడి చేతులతో ఖాళీ పిస్టల్ పట్టుకుని, కళ్లు మూసుకుని, గోడ మీది క్యాలెండర్ వైపు చాచేది. అప్పుడు కళ్లు తెరిచి, ముందు గురిముల్లు వెనక గాడిలో మధ్యకి వచ్చిందో లేదో చూసేది. రాకపోతే పిస్టల్ ఎంత గొప్పదైనా పక్కన పెట్టేది. తిబో కొట్లో క్యాలెండర్ మీద పునీత రీతమ్మ బొమ్మ ఉంది. తొమ్మిది పిస్టళ్లలో మూడు రీతమ్మ చెవి వైపు, నాలుగు నేల వైపు, రెండు పక్కింటివాళ్ల వైపు చూశాయి.

చివరికి దొరికింది ఏ పారె దగ్గరా కాదు. రిటైరయ్యాక చనిపోయిన ఒక పోలీసు కెప్టెన్ భార్య తన భర్త పాత పిస్టల్ అమ్మేస్తానంది. ఇనప ఒళ్లు, తొమ్మిది మిల్లీమీటర్లు, సన్నటి పిడి, పదిహేను తూటాలు. బరువు ఎక్కువే, అందుకే పేలినప్పుడు ఎగరదు. పిడికి రెండు పక్కలా నల్ల రేకులు, చెరో రెండు మరలు. సిద్రా ఆవిడ వంటింట్లోనే చేతులకి సబ్బు రాసుకుంది. కళ్లు మూసి, చాచి, తెరిచింది. గురిముల్లు గాడి మధ్యలో మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. ఇంకోసారి చేసింది, మళ్లీ అంతే. మూడోసారికి కెప్టెన్ భార్య, "ఆయన కూడా ఇలా వంటింట్లోనే చూపించేవాడు. నేను పెనం విసిరేదాన్ని" అని బేరం ముగించింది.

కాగితాల పని మిగిలింది. లైసెన్సుకి మనసు బాగుందో లేదో చూసే పరీక్ష ఉంటుంది. ఇల్లు, చెట్టు, మనిషి బొమ్మ గీయమంటారు. సిద్రా ఇల్లు గీసింది, కొబ్బరి చెట్టు గీసింది, మనిషిని గీసింది. పరీక్ష చేసేవాడు ఆ బొమ్మని చాలాసేపు చూశాడు.

"ఈ మనిషి పొట్ట ఇలా ఎందుకుందమ్మా?"

"తొమ్మిదో నెల సార్. తల కిందికి తిరిగింది కూడా."

పాసైంది.

కెప్టెన్ పిస్టల్ కొన్నదని తెలిసి గావ్డి మొహం మాడ్చుకోలేదు, ఎలాగూ తూటాలు తన దగ్గరే కొనాలి కదా. తిబో మాత్రం వారం రోజులు సిద్రా ఇంటి ముందు నుంచి వెళ్లడం మానేశాడు. ఎనిమిదో రోజు భార్య చేత కబురు పంపాడు: పిస్టల్ ఎవరిదైతేనేం, కనీసం పిడి రేకులైనా నా చేత చేయించుకోమను. అతని అయిదుగురు పిల్లలు ఆమె చేతుల మీద పుట్టారు, ఆమె పిస్టల్ అతని చేతిలో పుట్టలేదు. కాదనడానికి సిద్రాకి నోరు రాలేదు. "చూద్దాంలే" అంది. దనావోలో దానర్థం సరే అనే.

తిబో పద్దెనిమిది రోజులు తీసుకున్నాడు. నల్లటి కమగాంగ్ కర్రలో చెక్కాడు. కుడివైపు సిద్రా పేరు, కొబ్బరాకు నగిషీ. ఎడమవైపు బాల యేసు. నిండు అంగీ, చేతిలో గోళం, తల మీద కిరీటం. కిరీటం మామూలుగా చెక్కితే కనపడదని దాన్ని అరంగుళం బయటికి ఉబ్బించాడు. ఇత్తడి పొడి అద్దాడు. ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ చేత పవిత్ర జలం చల్లించి మరీ ఇచ్చాడు.

"ఎలా ఉంది మారె?"

సిద్రా పట్టుకుంది. కర్ర ఆమె అరచెయ్యికి కొలత తీసి పోసినట్టు కుదిరింది. ఎడమచేతి బొటనవేలు ఎక్కడ ఆనాలో తెలియక ఇన్నాళ్లూ గాల్లో ఆడేది. ఇప్పుడది తిన్నగా వెళ్లి కిరీటం మీద కూర్చుంది. పిస్టల్ కదల్లేదు.

"దేవుడి మీద వేలు పెట్టి కాల్చాలా పారె?"

"ఆయనేం అనుకోడు. చిన్నపిల్లాడు కదా."

ఎంపిక పోటీ ఆదివారం. ఆరు ఆటలు. మొదటి ఆటకి అధికారి దుకాణం గావ్డి. పోటీదారు పిస్టల్‌ని చూసి విభాగానికి సరిపోతుందో లేదో తేల్చడం అతని పని. గావ్డి సిద్రా పిస్టల్ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. కిరీటం దగ్గర ఆగాడు. నియమాల పుస్తకం అతనికి కంఠతా వచ్చు, ఆ కిరీటం నియమాల్లో ఇమడదని అతనికి చూడగానే తెలిసింది. కానీ అది తిబో చెక్కింది, ఫాదర్ నీళ్లు చల్లింది, పట్టుకున్నది సిద్రా. వెనక తిబో చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ముగ్గురూ ఒకరికొకరు మారె, పారె.

గావ్డి దగ్గాడు.

"జలుబు చేసిందా?" అంది సిద్రా.

"దేవుడి దయ" అని పిస్టల్ తిరిగి ఇచ్చేశాడు.

ఆ ఆటలో సిద్రా కొట్టిన ఇరవై నాలుగు తూటాల్లో ఇరవై రెండు మధ్యలో పడ్డాయి. ఈలలు వేశారు. తిబో అక్కడున్న ప్రతివాడికీ వెళ్లి కిరీటం సంగతి చెప్పాడు.

రెండో ఆటకి అధికారి బోహోల్ నుంచి వచ్చిన ఇంజినీర్ పోలికార్పో. దనావోలో అతనికి ఏ బిడ్డతోనూ వరస లేదు. అతను పిస్టల్ అందుకున్నాడు, బాల యేసుని చూశాడు, తల మీద టోపీ తీసి శిలువ గుర్తు వేసుకున్నాడు. టోపీ మళ్లీ పెట్టుకుని జేబులోంచి చిన్న స్కేలు తీశాడు.

"అమ్మా, ఇది కిరీటమా?"

"అవును ఇంజినీర్ గారూ. బాల యేసుది."

"మీ బొటనవేలు ఎక్కడ పెడతారు?"

సిద్రాకి అబద్ధం చెప్పడం రాదు. "దాని మీదే."

"అయితే ఇది కిరీటం కాదమ్మా, వేలి ఆనిక. ఆనిక ఓపెన్‌లోనే పనికొస్తుంది. పిడి రేకు ఫ్యాక్టరీ రేకు ఆకారంలోనే ఉండాలి."

తిబో తాడు దాటి లోపలికి వచ్చాడు. "ఏమయ్యా, దేవుడు ఏ విభాగమో నువ్వు చెప్తావా?"

"దేవుడు అన్ని విభాగాల్లోనూ ఉంటాడు. ప్రొడక్షన్‌లో అరంగుళం బయటికి రాకూడదు, అంతే."

"ఇప్పుడే విప్పేసి నల్లవి వేస్తాం. నాలుగు మరలు, రెండు నిమిషాల పని!"

"ఇప్పటికే ఒక ఆట దీంతో కొట్టేశారు. ఇక మార్చడం కుదరదు. మొదటి ఆటలో ఎవరూ చెప్పలేదా?"

అందరూ గావ్డి వైపు చూశారు. ఈసారి అతనికి నిజంగానే దగ్గు వచ్చింది, మంచినీళ్లు తాగించాల్సి వచ్చింది.

అలా సిద్రా ఓపెన్‌లోకి వెళ్లింది. కాఫీ మరల మధ్య కెప్టెన్ గారి ఇనప పిస్టల్. పైగా ఓపెన్‌లో బలమైన తూటాలు వాడేవాళ్లకి మధ్య గడి పక్కన పడ్డ దెబ్బకి నాలుగు మార్కులు, సిద్రా మామూలు తూటాలకి మూడే. ఇప్పుడు ఇద్దరినీ కొలిచేది ఒకే విజేతతో. అంటే బకోలోడ్ కావాలంటే ఎర్రచుక్క అద్దం ఉన్న మెల్చోరాని ఆమె విభాగంలోనే ఓడించాలి.

మెల్చోరా జాలిపడింది. జాలి చూపించడం ఆమెకి బాగా వచ్చు. "అయ్యో సిద్రా! పోనీలే, అనుభవం వస్తుంది. ఇదిగో, ఈ రొట్టె తిను, ఓపిక కావాలి."

సిద్రా రొట్టె తీసుకుంది, తింది. "బాగుంది. ఇంకోటి ఉందా?" అంది.

మూడో ఆట ముందు నీడలో కూర్చుని భర్తతో, "ఎనిమిదేళ్ల పిల్లకి కూడా ఆ కిరీటం చూడగానే తెలిసుంటుంది. తిబో మొహం చూసి నేను చూడనట్టు ఊరుకున్నాను. నా తప్పే" అంది. తర్వాత లేచి, చేతులు కడుక్కుని, మళ్లీ తడి చేతులతోనే పిస్టల్ పట్టుకుంది. విభాగం మారింది కదా, ఇక వేలు తీయాల్సిన పని లేదని కిరీటం మీద గట్టిగా ఆనించింది. ఎంత మంది అరిచినా పరుగెత్తలేదు. ఒక్కో బొమ్మ ముందు ఆగి, రెండేసి, మధ్యలో, తర్వాతది.

తారుమారు చేసింది వేగమే. సిద్రా వెనకే ఉందని మార్కుల చీటీ చూసి మెల్చోరా తొందరపడడం మొదలుపెట్టింది. అయిదో ఆటలో ఎడమ గోడ చాటున ఉన్న బొమ్మని కొట్టడం మర్చిపోయి, ఎర్రచుక్క అద్దంతో సహా దాని ముందు నుంచే పరుగెత్తుకెళ్లిపోయింది. చివర్లో పిస్టల్ ఖాళీ చేసి చూపించాక వెనక్కి తిరిగి చూసింది. అట్టబొమ్మ ఒక్క చిల్లు లేకుండా నిలబడి ఉంది.

"అది ఇందాక అక్కడ లేదు!" అంది మెల్చోరా.

"పొద్దుట్నించీ అక్కడే ఉందమ్మా" అన్నాడు పోలికార్పో.

సాయంత్రం లెక్కలు అతికించారు. సిద్రా యాభై ఆరు పాయింటు ఒకటి రెండు. మెల్చోరా యాభై అయిదు పాయింటు ఎనిమిది ఏడు. పావు శాతం తేడా. మెల్చోరా కాగితం రెండుసార్లు చదివి, "దేవుడి మీద వేలు పెట్టి కొట్టిందానితో నేనేం పోటీ పడతాను? ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, పోప్ గారికా?" అంది. అంటూనే మిగిలిన రొట్టెలన్నీ సిద్రా భర్త చేతిలో పెట్టింది.

తిబో రాత్రంతా తాగి, ఊళ్లో అందరికీ గెలిచింది తన పిడేనని చెప్పాడు. ఒకరకంగా నిజమే, ముంచిందీ అదే. మర్నాడు ఎర్రటి కళ్లతో వచ్చాడు.

"బకోలోడ్‌కి ఏ పిడితో వెళ్తున్నావు మారె?"

సిద్రా దగ్గలేదు. చూద్దాంలే అనలేదు.

"నల్లవాటితో. అక్కడ నేను కొట్టేది మళ్లీ ప్రొడక్షన్‌లోనే."

"నేను చెక్కింది?"

"అది వద్దు పారె."

తిబో అరుగు మీద కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్లలో ఆమె నోట వద్దు అన్న మాట అతను వినలేదు. వినాల్సిన అవసరమూ రాలేదు. "మరలు నాలుగూ నేనే బిగిస్తాను. నీకు చేతకాదు" అని స్క్రూడ్రైవర్ అడిగాడు. సిద్రా లోపలికెళ్లి తెచ్చి ఇచ్చింది. పని అయ్యాక కాఫీ ఇస్తే తాగాడు.

శుక్రవారం పొద్దున సిద్రా తొలేదో అనే ఊరి ఓడరేవు నుంచి ఓడ ఎక్కింది. మెడలో తువ్వాలు, చేతిలో పిస్టల్ పెట్టె, సంచిలో మార్చుకోడానికి మూడు గౌన్లు. ఓడలో పక్క సీట్లో ఒక నిండు గర్భిణి కూర్చుంటే లేచి వేరే వరసలోకి వెళ్లిందని తోటివాళ్లు తర్వాత చెప్పారు.

బకోలోడ్‌లో ప్రొడక్షన్ ఆడవాళ్లు ఇరవై రెండు మంది. సిద్రా పద్నాలుగో స్థానంలో వచ్చింది. మూడు రాత్రులూ తొమ్మిది గంటల చొప్పున నిద్రపోయింది. ఆ మూడు రోజుల్లో దనావోలో నలుగురు పిల్లలు పుట్టారు.